ఈజిప్టును నడిపింది గింజల లెక్క

అందరికీ నమస్కారం. ప్రాచీన ఈజిప్టు అనగానే పిరమిడ్లు, మమ్మీలు, బంగారు ముసుగులు కళ్లముందు కదులుతాయి. మన హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలోనూ ఒక మమ్మీ ఉంది, పిల్లల్ని తీసుకెళ్లి చూపిస్తుంటాం. అవన్నీ చనిపోయినవాళ్ల సామాన్లు. ఈరోజు నేను బతికున్నవాళ్ల సంగతి మాట్లాడతాను. వాళ్లేం తిన్నారు, ఆ తిండి ఎవరు కొలిచి ఇచ్చారు, ఎంత ఇచ్చారు, ఇవ్వలేకపోయినప్పుడు ఏమైంది. మూడు వేల ఏళ్ల ఈజిప్టు రాజ్యం అర్థం కావాలంటే సమాధుల కంటే ముందు గాదెల్లోకి తొంగిచూడాలని నా గట్టి అభిప్రాయం.

కథ నైలు ఒడ్డున మొదలవలేదు, దానికి పడమరన ఉన్న సహారాలో మొదలైంది. దాదాపు 11,000 ఏళ్ల కిందటి నుంచి 6,000 ఏళ్ల కిందటి వరకు ఇప్పటి ఆ ఇసుక మీద వానలు పడేవి, గడ్డి పెరిగేది, వాననీటి మడుగులు ఉండేవి. అబూ సింబెల్‌కు పడమరగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో నబ్తా ప్లాయా అనే చోట పశువుల కాపరులు గుడిసెలు వేసుకుని, బావులు తవ్వుకుని బతికారు. రానురాను వానలు దక్షిణానికి జరిగిపోయాయి. మడుగులు ఎండేకొద్దీ జనం తరతరాలుగా నది వైపు, ఒయాసిస్సుల వైపు కదిలారు. ఇంకోవైపు నుంచి, అంటే పశ్చిమాసియా నుంచి, గోధుమ, యవలు, గొర్రెలు, మేకలు నైలు డెల్టాకూ ఫయూమ్ పల్లానికీ చేరాయి. ఫయూమ్‌లో ఏడు వేల ఏళ్ల నాటి ధాన్యపు పాతర్లు బయటపడ్డాయి. నేలలో గుంట తవ్వి, లోపల గడ్డితో అల్లిన చాప పరిచి, అందులో గింజలు పోశారు. వాటి దగ్గరే చెకుముకి రాతి పళ్లు గుచ్చిన కర్ర కొడవలి కూడా దొరికింది. సహారా కాపరులూ పశ్చిమాసియా పంటలూ, ఈ రెండూ నైలు దగ్గర కలిసిన తర్వాతే మనం ఈజిప్షియన్లు అని పిలుస్తున్న సమాజం తయారైంది. దక్షిణాన క్రీ.పూ. 4400 ప్రాంతంలో బదారి సంస్కృతి, దాని వెనుక క్రీ.పూ. 4000 నుంచి నఖాడా సంస్కృతి వచ్చాయి.

ఇక నది. ఈజిప్టులో వాన దాదాపు పడదు. నైలుకు వరద తెచ్చేది ఇథియోపియా కొండల మీద జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడే వాన. ఆ వానకూ మన నైరుతి రుతుపవనానికీ దగ్గరి సంబంధం ఉంది. ఎల్‌నినో బలంగా ఉన్న ఏడాది రెండూ దెబ్బతినే అవకాశం ఎక్కువ. 1877లో నైలు వరద బాగా తగ్గిపోయింది. రాయలసీమ ధాత కరువులో మాడుతున్న రోజులు కూడా అవే.

దేశానికి దక్షిణపు కొసన అస్వాన్ దగ్గర జూన్‌లో నీటిమట్టం లేవడం మొదలై, ఇప్పటి కైరో దగ్గర సెప్టెంబర్‌లో గరిష్ఠానికి చేరేది. దీన్ని బట్టే ఏడాదిని మూడు ఋతువులుగా పంచుకున్నారు. వరద కాలం అఖెత్, విత్తి పెంచే కాలం పెరెత్, కోతల కాలం షెము. ఒక్కోటి నాలుగు నెలలు, నెలకు 30 రోజులు, చివర్లో కలిపే 5 రోజులతో 365.

పొలానికి నీళ్లు పెట్టే పద్ధతి చూడండి. నదికి ఇరువైపులా ఉన్న నేలను అడ్డుకట్టలతో పెద్దపెద్ద మడులుగా విడదీస్తారు. వరద పోటెత్తగానే గట్టుకు గండి కొట్టి నీళ్లు మడిలోకి వదిలి, గండి పూడుస్తారు. నెలన్నర, రెండు నెలలపాటు నీళ్లు అక్కడే నిలబడతాయి. ఈలోపు ఒండ్రు అడుగున పేరుకుంటుంది, నేల లోతుదాకా తడుస్తుంది, ఉప్పు కిందికి దిగిపోతుంది. తర్వాత మిగిలిన నీటిని కింది మడికో నదిలోకో వదిలేస్తారు. బురద ఆరకముందే విత్తనం చల్లి, గొర్రెల మందను తోలి తొక్కిస్తారు. ఆ తడితోనే పంట పండి వేసవి మొదట్లో కోతకొస్తుంది. ఏడాదికి ఒకటే పంట. ఉప్పు పేరుకుని మెసొపొటేమియా పొలాలు చెడినట్టు ఇక్కడివి చెడలేదంటే కారణం ఈ కడుగుడే. నీళ్లు పైకి తోడే ఏతాం క్రీ.పూ. 1500 తర్వాతి కాలంలో గాని బొమ్మల్లో కనిపించదు. అదైనా కూరగాయల తోటలకే తప్ప గోధుమ చేలకు సరిపోయేది కాదు.

ఈ పద్ధతిలో చిక్కల్లా వరద ఎత్తు దగ్గరే ఉంది. తక్కువొస్తే మెరక మడులకు నీరెక్కదు, ఆ భూమి ఆ ఏడాదికి బీడే. ఎక్కువొస్తే గట్లు తెగుతాయి, ఊళ్లలోకీ గాదెల్లోకీ నీళ్లొస్తాయి, నీరు తీయడం ఆలస్యమై విత్తే అదను దాటిపోతుంది. క్రీ.శ. మొదటి శతాబ్దపు రోమన్ లెక్క ఒకటి ఉంది: 12 మూరలైతే కరువు, 13 అయినా ఆకలే, 14 సంతోషం, 15 నిశ్చింత, 16 సంబరం. ఈజిప్టు రాజమూర అంటే సుమారు 52 సెంటీమీటర్లు. 12కూ 16కూ మధ్య తేడా రెండు మీటర్ల పైచిలుకు మాత్రమే. ఆ రెండు మీటర్లలోనే దేశం బతుకు ఉంది. అందుకే మొదటి రాజవంశం నాటి నుంచే ఏటేటా వరద ఎత్తును మూరలు, బెత్తెలు, వేళ్ల లెక్కన రాసిపెట్టుకున్నారు. పలెర్మో శిల అనే రాతిఫలకం మీద రాజుల సంవత్సరాల కింద ఆ అంకెలు ఇప్పటికీ చదువుకోవచ్చు.

రాజ్యం ఎలా పుట్టిందన్నదానికి కూడా ఇక్కడే ఆధారాలున్నాయి. దక్షిణాన నెఖెన్, నఖాడా, అబిడోస్ అనే మూడు కేంద్రాలు బలపడ్డాయి. అబిడోస్‌లో క్రీ.పూ. 3200 ప్రాంతపు ఒక పాలకుడి సమాధిలో చిన్నచిన్న ఎముక, దంతపు చీటీలు దొరికాయి. పోస్టల్ స్టాంపు పాటి ముక్కలు, ఒక మూల కన్నం. దారంతో సరుకుకు కట్టడానికి. కొన్నిటి మీద అంకెలు, కొన్నిటి మీద ఊళ్ల పేర్లుగా భావిస్తున్న గుర్తులు. ఈజిప్టులో మనకు తెలిసిన తొలి రాత అదే. కవిత్వమూ కాదు, స్తోత్రమూ కాదు. ఎక్కడి సరుకు, ఎంత అన్నదే. క్రీ.పూ. 3100 ప్రాంతంలో నార్మెర్ అనే రాజు ఉత్తర, దక్షిణ రాజ్యాలను ఏలాడు. అతని రాతి పలక మీద ఒకవైపు దక్షిణపు కిరీటం, మరోవైపు ఉత్తరపు కిరీటం చెక్కారు. ఆ పలక గురించి అందరూ మాట్లాడతారు, కానీ నాకు అదే అబిడోస్‌లో ఉన్న అతని కాలపు బీరు బట్టీ ఇంకా ముఖ్యమనిపిస్తుంది. ఎనిమిది భాగాలు, ఒక్కోటి 20 మీటర్ల పొడవు, ఒక్కోదాంట్లో రెండు వరుసల్లో సుమారు 40 మట్టి తొట్లు. ఒక్క విడతకు 22,400 లీటర్ల దాకా కాచేవారని అంచనా. అంత యవ ధాన్యాన్ని ఒక్కచోటికి రప్పించగలిగినవాడు, అంతమందికి పోయగలిగినవాడు రాజు కాక ఇంకేమవుతాడు?

పిరమిడ్ దగ్గరికి వద్దాం. బానిసల్ని కొరడాలతో కొట్టి కట్టించారని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. 2013లో ఎర్రసముద్రపు ఒడ్డున వాదీ అల్ జర్ఫ్‌లో దొరికిన పపైరస్ (నీటిమొక్క కాడలతో చేసిన కాగితం) చుట్టల్ని చదివితే వేరే దృశ్యం కనిపిస్తుంది. అవి గీజా పెద్ద పిరమిడ్ కట్టించిన రాజు ఖుఫు పాలన చివరి ఏళ్లవి, సిరా రాత ఉన్న పపైరస్‌లలో మనకు తెలిసినంతలో అన్నిటికన్నా పాతవి. మెరెర్ అనే అధికారి రోజువారీ పద్దు రాసుకున్నాడు. అతని కింద సుమారు 40 మంది. తూరా గనుల దగ్గర తెల్ల సున్నపురాయి పడవకెక్కించడం, నది మీదా కాలువల మీదా గీజాకు చేర్చడం, ఖాళీ పడవతో వెనక్కి రావడం. పది రోజులకు రెండు మూడు దఫాలు. ఏ రాత్రి ఎక్కడ పడుకున్నారో, రొట్టెకు ధాన్యం ఎంత వచ్చిందో కూడా అందులో ఉంది. ఇది వెట్టి కాదని నేను అనను. ఊళ్ల నుంచి మనుషుల్ని వంతులవారీగా పిలిపించేవారు, తప్పించుకుని పారిపోయినవాళ్ల పేర్లు రాసిన, మధ్య రాజ్యం అనే తర్వాతి కాలపు జైలు రిజిస్టరు ఒకటి మన చేతికందింది. అయితే వచ్చినవాళ్లకు తిండి పెట్టాలి, కొలిచి పెట్టాలి. గీజా పక్కన తవ్విన పనివాళ్ల ఊరిలో వరసగా రొట్టెల బట్టీలు, గుట్టలుగా పశువుల ఎముకలు దొరికాయి.

ఈ ఏర్పాటు మొదటిసారి క్రీ.పూ. 2200 ప్రాంతంలో తెగింది. వరుసగా తక్కువ వరదలు, ఆపైన బలహీనపడిన రాజు. దక్షిణాన అంఖ్‌తిఫీ అనే స్థానిక నాయకుడు తన సమాధి గోడల మీద, దేశమంతా ఆకలితో చస్తుంటే తన మండలంలో ఎవర్నీ ఆకలికి చావనివ్వలేదని రాయించుకున్నాడు. అందులో డాబు ఉంది, నిజమే. కానీ ఒక నాయకుడు చెప్పుకోదగ్గ గొప్ప ఏమిటో చూడండి. యుద్ధం గెలవడంతోపాటు, ధాన్యం పంచడం.

ఇప్పుడు కాస్త నిలబడి ఒక ఊరిని దగ్గరగా చూద్దాం. లక్సర్‌కు ఎదురుగా, నైలుకు పడమటి ఒడ్డున, కొండల మధ్య డెయిర్ ఎల్ మెదీనా. రాజుల లోయలో సమాధులు తొలిచే, రంగులేసే పనివాళ్ల ఊరు. క్రీ.పూ. 1500 నుంచి సుమారు 400 ఏళ్లపాటు ఉంది. ప్రహరీ లోపల 68 ఇళ్లు, సగటున 70 చదరపు మీటర్లు, వీధి వైపు నుంచి లోపలికి వరుసగా నాలుగు గదులు, వెనక వంటిల్లు, మిద్దె మీదికి మెట్లు. ఊళ్లో బావి లేదు. నీళ్లు లోయలోంచి గాడిదల మీద రావాలి. నీళ్లు మోసేవాళ్లు, చేపలు తెచ్చేవాళ్లు, చాకళ్లు, కుమ్మర్లు, కట్టెలు కొట్టేవాళ్లు, వీళ్లందర్నీ రాజ్యమే నియమించింది. బావి తవ్వబోయి 50 మీటర్లకు పైగా దిగినా నీరు పడలేదు. ఆ గొయ్యిని చెత్తగుంట చేశారు. మనకు అది కలిసొచ్చింది. రాతి పెచ్చుల మీద, కుండ పెంకుల మీద రాసిన దాదాపు 5,000 చీటీలు దాంట్లోంచే బయటికొచ్చాయి.

పనివాళ్లు పడవ సిబ్బంది లాగ కుడి జట్టు, ఎడమ జట్టు. ఒక్కో జట్టుకు ఒక మేస్త్రీ, పద్దులు రాయడానికి లేఖకుడు. పది రోజుల వారం, అందులో చివరి రెండు రోజులు సెలవు. రాగి ఉలులు రాజ్యం సొత్తు. ఇచ్చేటప్పుడు తూకం రాళ్లతో తూచి రాసుకుని, మొండిపోతే మళ్లీ తూచి వెనక్కి తీసుకునేవారు. చీకటి సొరంగంలో దీపాలకు వాడే వత్తుల్ని కూడా ఉదయం ఇన్ని, మధ్యాహ్నం ఇన్ని అని లెక్కపెట్టి ఇచ్చేవారు. రెండవ రామ్సేస్ 40వ పాలనా సంవత్సరపు హాజరు పట్టీ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. 40 మంది పేర్లు, రాని రోజులు, నల్ల సిరాతో తేదీ, దానిపైన ఎర్ర సిరాతో కారణం. జబ్బు. తేలు కుట్టింది. బీరు కాస్తున్నాడు. తల్లి శవానికి గుడ్డ చుడుతున్నాడు. ఇలా.

జీతం ధాన్యమే. కొలత పేరు ఖార్, అంటే బస్తా. ఒక ఖార్‌కు నాలుగు ఓయిపెలు, ఒక ఓయిపెకు 40 హిన్‌లు, మొత్తం దాదాపు 77 లీటర్లు. పనివాడికి నెలకు 4 ఖార్ల ఎమ్మర్ అనే పాతకాలపు రకం గోధుమ రొట్టెకు, ఒకటిన్నర ఖార్ యవలు బీరుకు. మేస్త్రీకి 5½, 2. ఎమ్మర్ గోధుమ నూర్చినంత మాత్రాన పొట్టు వదలదు. కొంచెం తడిపి, రోట్లో వేసి దంచి, ఆరబెట్టి, చెరిగి, జల్లించాలి. తిరగలి ఇంకా లేదు. వాలుగా పెట్టిన రాతి పలక ముందు మోకాళ్ల మీద కూర్చుని మరో రాతితో ముందుకూ వెనక్కూ నూరాలి. ఇంత చేసినా ఇసుకా రాతి పొడీ పిండిలో కలిసిపోయేవి. అందుకే రాజుల మమ్మీలకైనా, కూలీల అస్థిపంజరాలకైనా దంతాలు అరిగిపోయి, చిగుళ్లలో చీము పట్టిన గుర్తులు కనిపిస్తాయి.

నాణేలు లేవు గాని ధరలున్నాయి. దెబెన్ అనే 91 గ్రాముల రాగి తూకంతో వెల కట్టి, వస్తువుకు వస్తువు మార్చుకునేవారు. చెప్పుల జత ఒకటి రెండు దెబెన్‌లు, గాడిద 25 నుంచి 40 దాకా. ఊరికి సొంత పంచాయతీ ఉంది, ఆడవాళ్లు ఆస్తి కలిగి ఉండేవారు, కోర్టుకెక్కేవారు. నౌనఖ్తె అనే ముసలావిడ అయిదవ రామ్సేస్ కాలంలో పంచాయతీ ముందు వీలునామా చెప్పింది. ఎనిమిది మంది పిల్లల్ని పెంచి, పెళ్లిళ్లకు సామాన్లిచ్చానని, ముసలితనంలో తన చేతిలో చెయ్యి వేసినవాళ్లకే తన ఆస్తి ఇస్తానని, వెయ్యనివాళ్లకు ఇవ్వనని ఖరాఖండిగా చెప్పేసింది. ఒక కొడుకుకు వాటాతో పాటు కంచు గిన్నె అదనం. చూడనివాళ్లకు ఆమె భాగంలో చిల్లిగవ్వ లేదు. తండ్రి ఆస్తిలో వాళ్ల వాటా మాత్రం పోలేదు. ఆ సమాజంలో స్త్రీ హక్కు ఎంత స్పష్టంగా ఉందో ఈ ఒక్క పత్రం చాలు.

ఇప్పుడు మూడవ రామ్సేస్ 29వ పాలనా సంవత్సరానికి వద్దాం, క్రీ.పూ. 1157 ప్రాంతం. పెరెత్ రెండో నెల, పదో రోజు. ధాన్యం రాలేదు. పనివాళ్లు కాపలా గోడలు అయిదూ దాటుకుని వచ్చి, "మాకు ఆకలిగా ఉంది, 18 రోజులు గడిచిపోయాయి" అంటూ మూడవ థుట్‌మోస్ గుడి వెనక కూర్చున్నారు. లేఖకుడు అమెన్నఖ్త్ ఇదంతా రాసిపెట్టాడు. ఆ పపైరస్ ఇటలీలోని టూరిన్‌లో ఉంది. మనకు రాతపూర్వకంగా తెలిసిన తొలి సమ్మె ఇదే. తర్వాత రామెస్సియం అనే రెండవ రామ్సేస్ గుడి దగ్గరికి మారారు. అక్కడికే ఎందుకంటే ఆ గుడి వెనక ఇటుకల కమాను గాదెలు బారులు తీరి ఉన్నాయి. నిండా పోస్తే సుమారు 2,26,000 ఖార్లు పట్టేవని, అది 3,400 కుటుంబాలకు ఏడాది తిండి అని ఆధునిక పరిశోధకుల అంచనా. ఆకలితో ఉన్నవాళ్లు ఆ గాదెల ఎదురుగానే కూర్చున్నారు! "గుడ్డ లేదు, నూనె లేదు, చేప లేదు, కూర లేదు. మా ప్రభువు ఫారోకు రాయండి, మా పెద్ద వజీరుకు రాయండి" అన్నారు. వాళ్లను అడ్డుకోవాల్సిన కాపలాదళం పెద్ద మెంత్‌మోసే, పనిముట్లు సర్దుకుని, తలుపులు మూసి, పెళ్లాంపిల్లల్ని తీసుకుని రండి, మీ ముందు నేను నడుస్తాను అన్నాడు. బాకీపడ్డ కిందటి నెల ధాన్యం ముట్టింది. కానీ తర్వాతి నెలల్లోనూ ఇదే తంతు. చివరికి ‘తో’ అనే పేరున్న వజీరు (రాజు తర్వాతి పెద్ద అధికారి) నుంచి, గాదెలే ఖాళీగా ఉన్నాయి, దొరికినంతలో సగం జీతం ఇస్తానని కబురొచ్చింది.

గాదెలు ఎందుకు ఖాళీ అయ్యాయి? సముద్రం మీదుగా వచ్చిన దండయాత్రల ఖర్చు, గుళ్లకు రాసిచ్చిన భూములు, అధికారుల కక్కుర్తి, వరదల తగ్గుదల, ఇవన్నీ కలిశాయి. ఒక్క కారణాన్నే పట్టుకుని మిగతావి వదిలేసే వివరణల్ని నేను ఒప్పుకోను. ధరలు మాత్రం స్పష్టంగా మాట్లాడతాయి. ఒకటి రెండు దెబెన్‌లున్న ఎమ్మర్ ఖార్ ధర ఏడవ రామ్సేస్ నాటికి ఎనిమిది దాకా ఎగబాకింది. మిగతా సరుకుల ధరలు అలా పెరగలేదు. అంటే రాగి విలువ పడిపోవడం కాదు, గింజలే లేవు.

దాని వెంటే సమాధుల దోపిడీ. తొమ్మిదవ రామ్సేస్ 16వ ఏట పట్టుబడ్డ అమెన్‌పనుఫెర్ అనే రాతిపనివాడు వాంగ్మూలమిచ్చాడు. సొబెకెమ్‌సాఫ్ రాజు సమాధిలోకి కన్నం వేసి, రాజు, రాణి మమ్మీల మీది బంగారం ఒలిచి, శవపేటికలకు నిప్పంటించారు. 160 దెబెన్‌ల బంగారం, ఎనిమిది మంది, తలా 20. కొన్నేళ్ల తర్వాత జరిగిన మరో విచారణలో ఈ వెండి నీకెక్కడిదని అడిగితే ఒక స్త్రీ, "హైనాల ఏడాదిలో, అందరూ ఆకలితో ఉన్నప్పుడు, యవలు ఇచ్చి తీసుకున్నాను" అంది. ఆమె నిజం చెప్పిందా, దొంగసొత్తును కప్పిపుచ్చిందా అన్నది పక్కన పెట్టండి. జడ్జీలు నమ్మదగ్గ జవాబు అని ఆమె అనుకుంది. యవలకు వెండి ఇచ్చే రోజులు అందరికీ గుర్తున్నాయన్నమాట.

పదకొండవ రామ్సేస్ 12వ ఏట సమాధుల లేఖకుడు ధుత్‌మోస్ తానే పడవలేసుకుని తీబ్స్‌కు, అంటే ఇప్పటి లక్సర్‌కు, దక్షిణాన ఊరూరా తిరిగి ధాన్యం వసూలు చేశాడు. ఎవరి దగ్గర ఎన్ని బస్తాలు, ఏ పడవలో వేశారు, గాదెలో ఎంత పోశారు, అన్నీ రాశాడు. గాదె నుంచి ఊరికి రావాల్సిన జీతం కోసం ఊరి గుమాస్తానే పొలాల మీద పడాల్సి వచ్చింది. లిబియన్ల దాడుల భయంతో జనం ఊరు ఖాళీ చేసి మెదినెత్ హబు గుడి ప్రహరీ లోపలికి మారారు. ధుత్‌మోస్ కొడుకు బుతెహామున్‌కు సేనాని పియంఖ్ నుంచి వేరే రకం ఆజ్ఞ అందింది: పాత సమాధుల్లో ఒకటి తెరవండి, నేను వచ్చేదాకా దాని ముద్ర భద్రంగా ఉంచండి. ఆ తర్వాతి దశాబ్దాల్లో రాజుల మమ్మీల్ని ఒక్కొక్కటిగా బయటికి తీసి, విలువైనవి తీసేసుకుని, కొత్త గుడ్డ చుట్టి, రహస్యపు చోట్ల దాచారు. 1881లో డెయిర్ ఎల్ బహ్రీ కొండలో బయటపడిన మమ్మీల గుంపు అదే. ఆ గుడ్డల మీద ఏ ఏట, ఎవరి ఆజ్ఞ మీద చుట్టారో సిరాతో రాసి ఉంది. ధాన్యం రాకపోయినా పద్దు రాయడం మాత్రం వాళ్లు మానలేదు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.